తోడు

మా బోరు నీళ్ళు చూపుకు అద్దం.
బిందె అడుగున కొట్టించిన పేరు చదువుకోవచ్చు.
ముక్కు దగ్గరికి తెస్తే మాత్రం
రోంత గొడ్లపాక వాసన.

బ్లీచింగ్ కలిపితే కలిపినంతా మింగేది.
పొద్దున సంచి విప్పితే
మాపుసారికి కొళాయి కాడ దాని జాడే ఉండేది కాదు.
గాజు గొట్టంలో మందుచుక్క వేస్తే పసుపు.
పెండ్లి పసుపు కాదు,
కామెర్లోని కంటి పసుపు.

కర్నూలు నుంచి పరీక్ష చేసే పిల్ల వచ్చింది, నస్రీన్.
మెట్టు మీద కూర్చుని ఆ గొట్టాన్ని ఎండకు పట్టి చూసి
"మందుతో కాదు బజారన్నా, మందిని పెట్టుకోవాల" అనింది.
మా ఊర్లో మంది యాడుండారమ్మా,
సగం తలుపులకు తాళాలు,
మిరపకాయ కోతకు సుగ్గికి పోయినారు.
"కంటికి కనపడని మంది.
జీతం అడగరు.
ఆ వాసనే వాళ్ళకు కూడు."

బేతంచెర్ల నాపరాళ్ళు ఐదు, మెట్లుగా పేర్చినాం.
బోరు నీళ్ళు దుముకుతా దుముకుతా
గాలి మింగి ఇసుకలోకి దిగాల.
ఎమ్మిగనూరు పాత ఫిల్టర్ లోంచి
తడి ఆరని ఇసుక రెండు సంచులు
గోనెపట్టా కప్పి ఆటోలో తెచ్చినా.
ఆటోవాడు మూట ఏందని అడిగితే
తోడు అని చెప్పినా.
"ఇసుకకు తోడేసే మొగోన్ని ఇప్పుడే చూస్తుండా"
అని మా సుంకులమ్మ ఒకటే నగు.

వారం దాకా ఏం లేదు.
పన్నెండోనాడు పసుపు రోంత పలచన.
ఇరవయ్యోనాడు ఇంకా పలచన,
రెండో గొట్టం మాత్రం గులాబీ రంగు.
ఎంత సక్కగుందో అనుకున్నా.
నస్రీన్ ఫోన్లోనే అరిచింది,
"తాగనీయొద్దు, చంటిపిల్లోళ్ళకు అసలే వద్దు!
ముందు జట్టు సగం పని చేసి వదిలింది.
మిగతా సగం చేసే జట్టు ఇంకా దారిలో ఉంది."

వాళ్ళూ వచ్చినారు, నెల దాటినాక.
గులాబీ పోయింది.
దాని తావున మిగిలినదానికీ ఒక హద్దుందంట,
ఆ అంకె కూడా రాసుకుంటాది ఆ పిల్ల.

అంతలో మెంబరు నరసప్ప,
మంచి మనసే,
పెద్దసారు వస్తాడని
సంచి బ్లీచింగ్ తెచ్చి నేరుగా ఇసుక మీదే కుమ్మరించినాడు.
తెల్లారి ఇసుక కడిగిన బియ్యం మాదిరి తెల్లగా.
గొట్టంలో మళ్ళీ కామెర్ల పసుపు.
ఎంత మంది పోయినారో లెక్క చెప్పేవాడు లేడు.
పాడె లేదు, డప్పు లేదు.
నేను మెట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి
తాగకుండానే ఆర్పేసినా.

మళ్ళీ ఎమ్మిగనూరు.
మళ్ళీ గోనెపట్టా.
ఈసారి ఆటోవాడు ఏం అడగలేదు.

ఇప్పుడు కరెంటు పోతే లేస్తా.
నీళ్ళు ఆగితే వాళ్ళకు ఊపిరాడదంట.
తొట్టిలోంచి బక్కెట్టుతో ముంచి
నాపరాళ్ళ మీద సన్నగా పోస్తా,
రాత్రి రెండుకు మూడు ఫేజులు వచ్చేదాకా.

రిజిస్టరులో "సిబ్బంది" అని ఒక గడి ఉంది.
రోజూ ఒకటి అని రాస్తా.
నిన్న ఒకటి వేసి పెన్ను ఆపినా.
పక్కన ఎన్ని సున్నాలు పెట్టాలో తెలీక
అట్లే వదిలేసి
మోటారు వేసినా.