ఎన్నేళ్ళ పరిచయం?

జూన్ నెల వచ్చిందంటే
ఇస్త్రీ మడత నలగని అమ్మాయిలు మా వరండా మెట్లెక్కుతారు.
చేతిలో ఫోల్డరు. లోపల నవ్వే ఫోటో, మార్కుల జాబితా,
చర్చిలో పాడిన ఏళ్ళు, వీధికుక్కలకు చేసిన సేవ,
ముందే స్టాంపు అంటించిన కవరు.
మిసిసిపీలో ఈ కౌంటీ మొత్తానికి
ఆ సొరోరిటీ బంగారు పిన్ను ఉన్న ముసలిదాన్ని
నేనొక్కదాన్నే మిగిలాను.
మిస్ ఆర్డిత్ రెండు వాక్యాలు రాయకపోతే
యూనివర్సిటీలో ఆ తెల్లస్తంభాల ఇంటి గడప దాటలేరట.
నిజమో కాదో నాకు తెలీదు.
కాదని మాత్రం నేనెన్నడూ అనలేదు.
నిమ్మకాయ కేకులు వస్తాయి కదా మరి.

నిన్న వచ్చిన పిల్ల కేకు తేలేదు.
హార్లీ స్టబ్స్. వాళ్ళ నాన్న
మోజుపడి కొనలేకపోయిన మోటారుసైకిల్ పేరు
కూతురికి పెట్టుకున్నాడు.
వాళ్ళమ్మకి క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
ఇంటికొచ్చాక నిమ్మచెక్కతో చేతులు తోముకుంటుందట.

ఫారం తీసి అడిగాను.
అమ్మ మెంబరా? లేదు మేడమ్.
అమ్మమ్మ? నాయనమ్మ? లేదు మేడమ్.
అక్కలు, మేనత్తలు, పోనీ బీరకాయపీచు చుట్టరికమైనా?
కాసేపు ఆలోచించింది పాపం, నిజంగానే వెతుకుతున్నట్టు.
లేదు మేడమ్.

నాకు మాత్రం ఏముంది అప్పట్లో?
అరవై నాలుగులో, మా అమ్మకు వేలువిడిచిన మేనత్త ఒకావిడ
"ఊయల్లో ఉన్నప్పట్నుంచీ ఎరుగుదును" అని రాసింది నా గురించి.
ఆవిడ నన్ను చూసింది ఒక్కసారి, ఎవరివో అంత్యక్రియల్లో.
నేను నిద్రపోతున్నానట.

మరుసటేడు గడపకు లోపలివైపు నేను.
మేడమీద గదిలో చెప్పులపెట్టెల నిండా ఉత్తరాలు,
మూడున్నవాళ్ళు ఒక కుప్ప, ఒకటున్నవాళ్ళు ఒక కుప్ప.
నాయనమ్మలు తాగిన నెయ్యి
మనవరాళ్ళ మూతుల మీద వాసన చూసేవాళ్ళం
రాత్రి రెండింటి దాకా.
నెట్టీ ఫే ఓస్‌బర్న్ ఫోల్డరు తీసి
ప్రెసిడెంటు తలకిందులుగా విదిలించింది.
ఏమీ రాలలేదు.
"ఎవరమ్మాయి?" అంది.
ఎలాంటి అమ్మాయి అని అడిగుంటే చెప్పేదాన్ని.
తేనెటీగల్ని పెంచుతుంది. సొంతంగా కుట్టుకున్న పసుపు గౌను.
రాణి ఈగ ముసలిదైపోతే తుట్టె ఏం చేస్తుందో చెప్పి
నన్ను పకపకా నవ్వించింది ఆ మధ్యాహ్నమే.
చెయ్యి తొడకింద పెట్టుకుని కూర్చున్నాను,
అది దానంతటదే లేస్తుందేమోనని.

ఇప్పుడు హార్లీ సోఫా అంచున కూర్చుని
"ఇది లేకపోతే నిజంగా తీసుకోరా మేడమ్?" అంటోంది.
చక్కెర ఎప్పుడో కరిగిపోయిన టీని
కలుపుతూ ఉండిపోయాను.
మా మనవరాలు మెర్రిట్ కూడా ఈ ఆగస్టులోనే వెళ్తోంది.
దాని గురించి ఎవరూ రాయక్కర్లేదు, ఇంటిపేరే ఉత్తరం.
ఈ పిల్ల దానికి పోటీ అవుతుందా అని లెక్కేసుకున్నాను.
అవును, లెక్కేసుకున్నాను.

రాత్రి దీపం కింద గళ్ళన్నీ నింపాక
చివరిది మిగిలింది.
ఎన్నేళ్ళ పరిచయం?
నిరుడు మార్చిలో, డాలర్ కొట్టు ముందు, జోరువానలో
నా కారు టైరు మార్చింది ఈ పిల్లే.
విప్పిన నట్లు జారిపోకుండా నోట్లో పెట్టుకుంది.
నా పేరు అడగలేదు. నిన్న తలుపు తీసేదాకా
తనకీ తెలీదు ఆ ముసలామె నేనేనని.
ఇరవై నిమిషాలు. దానికి గడి లేదు.

ఉత్తరంలో అదే రాశాను, వానతో సహా.
రాత్రి రెండింటికి ఇరవయ్యేళ్ళ పిల్లలు
అంతదూరం చదవరని తెలుసు. వాళ్ళు చూసేది గడినే.
"ఊయల్లో ఉన్నప్పట్నుంచీ" అని రాసి,
పైకి ఒకసారి చదువుకుని,
కొట్టెయ్యలేదు.

దాని కవరుకి స్టాంపు లేదు.
నాదే ఒకటి తడిపి అంటించాను.
పొద్దున్నే పోస్టుపెట్టె మీది ఎర్రజెండా
గట్టిగా బిగుసుకుపోయి ఉంది,
రెండు చేతులూ పెట్టి లేపాల్సి వచ్చింది.