తేలిక బుట్ట

ఒబ్దూలియా అన్నది ఒక్కటే మాట.
"ఈవేళ నీ బుట్ట తేలిగ్గా ఉందే, దొసిందా!"

అప్పటికి ఆటు మొదలై గంటన్నర.
గలీసియా తీరాన మా పాయ వెనక్కి తగ్గి
నల్లటి బురద మెరుస్తోంది.
ముప్పై మంది ఆడవాళ్లం నడుములు వంచి
పళ్లపారలతో గుల్లలు గీరుతున్నాం.
మీద, జల్లెడ పట్టిన పిండిలా వాన.

ఎవరూ తలెత్తలేదు.
ఎవరూ వినలేదేమో కూడా.
నాకు మాత్రం పాయంతా విన్నట్టే ఉంది.
ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ కూడా
మెడ సాచి నా బుట్టలోకి తొంగిచూసినట్టే ఉంది.

నేనేమీ అనలేదు.
అనకపోవడం నాకు బాగా వచ్చు.
మా అమ్మ దగ్గర నేర్చుకున్న రెండు పనుల్లో అదొకటి.
రెండోది వల అల్లడం.

ఆ రోజు నుంచి
ఆమె గీరే వైపు నా వీపు.
తూనిక గదిలో ఎదురుపడి పలకరిస్తే
వంగి బూటు తాడు సరిచేసుకున్నాను.
రబ్బరు బూట్లకు తాళ్లుండవని
ఆమెకీ తెలుసు.

రాత్రిళ్లు ఆకుకూర చారు కాచుకుంటూ
ఆ మాటకి జవాబులు వండాను.
ఒకదాన్ని మించి ఒకటి కారంగా:
నీ నోరొక్కటే బరువెక్కుతోందని,
నీ కోడలు పండక్కి నిన్నెందుకు పిలవలేదని.
అన్నీ ఘుమఘుమలాడాయి.
వడ్డించడానికే మనిషి లేదు.

భుజం కోసి కుట్టిన దగ్గర్నుంచి
నాకు సగం బుట్టే నిండుతోందని ఆమెకు తెలియదా?
రెండు బస్సులు మారి ఆసుపత్రికొచ్చి
నా జుట్టు దువ్వింది ఆమే కదా.
పరాయివాళ్ల మాట చొక్కాకి తగిలి జారిపోతుంది.
అయినవాళ్ల మాట
కుట్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వస్తుంది.

మా నడుముకి ఒక ఇనుప కొలత వేలాడుతుంటుంది.
దానికి అందని గుల్లను
తిరిగి నీళ్లలో వేసేయాలి. రూలు.
"ఇంత చిన్న మాట, విసిరేయవే" అంది హెర్మీనియా.
నలభై ఏళ్లుగా గుల్లలేరుతున్న మనిషి,
తనకి తెలియదా?
చిన్నవని మనం విసిరేసినవే
ఇసుక కింద నోరు మూసుకుని
వచ్చే ఏటికి కొలతకు ఎదుగుతాయి.

పన్నెండో రోజు,
పార ఆన్చి నడుం నిలబెట్టుకుంటుంటే గుర్తొచ్చింది.
ఆ మాట అన్నప్పుడు
ఆమె కుడిచెయ్యి పిడికిలి మూసి ఉంది.
వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.
ఆ చెయ్యి నా బుట్ట మీదికి చాచి ఉంది.
నేను నోటినే చూశాను.
బుట్ట లాక్కున్నాను.

ఏమో.
నిజంగా చూశానో,
ఇన్నాళ్ల బరువు దించుకోవడానికి
ఇప్పుడా చేతిని కల్పించుకుంటున్నానో.

అడగొచ్చు.
అడగలేదు.
అటువైపు ఇసుక బాగుందన్నట్టు
ఆమె దగ్గరికి నాలుగడుగులు జరిగాను.

తలెత్తకుండానే అంది:
"పదకొండు రోజులు నీ వీపే చూశాను.
కోటు చిరిగింది, చూసుకున్నావా?"

మళ్లీ గుచ్చుకుంది.
ఎక్కడా అని చెయ్యి వెనక్కి పోనిచ్చాను.
భుజం అందనివ్వలేదు.

ఒబ్దూలియా బురద చేత్తోనే
ఆ చిరుగు మీద
వేలు పెట్టి చూపించింది.