మణికట్టు దారిన

నెల్లూరు పోగతోట ఆస్పత్రిలో
మణికట్టు దగ్గర చిన్న బెజ్జం వేసి
తీగ లోపలికి పంపారు.
మత్తు ఆ చేతికే. మెలకువగానే ఉన్నా.

పక్కన తెర మీద నా గుండె,
నలుపూ తెలుపూ,
చుక్కలు చుక్కలుగా.
ముప్పై ఏళ్లు కావలి ట్రంకురోడ్డులో
టీవీలు బాగుచేసినవాణ్ణి,
నోరు ఊరుకోలేదు:
"సారూ, ఎవరినైనా మేడెక్కి
యాంటెన్నా కాస్త తిప్పమనండి."
డాక్టరు నవ్వలేదు.
"కదలబాకన్నా" అంది మస్తానమ్మ సిస్టరు.

ఆదివారం పొద్దున
నా కొట్టు ముందు చెప్పులు గుట్టపడేవి.
హిందీ ఎవరికీ రాదు.
వెండికాగితం చుట్టుకున్న మనుషులు
తపేలా మూతలాంటి ఓడలో
ఏదో చెడిపోయిందని కొట్లాడుకుంటుంటే
సోడాల పెంచలయ్య తెలుగులో చెప్పేవాడు,
అంతా తప్పే.
ఓడకి కట్టిన దారం కనపడేది.
అయినా అది మలుపు తిరిగితే
జనమంతా ఒక పక్కకి ఒరిగేవాళ్లు.

ఇప్పుడూ తీగ కనపడతానే ఉంది.
మూసుకుపోయిన చోట ఆగింది.
బుడగ ఉబ్బింది.
రొమ్ము మీద ఎవరో కూర్చుని లేచినట్టు బరువు.
తర్వాత, అంతదాకా ఏమీ లేని చోట
నల్లటి కొమ్మ ఒకటి
చివరిదాకా పారింది.

రాత్రి వార్డులో, ఫోనులో
ఆ సీరియలే వెతికి పెట్టుకున్నా.
పెంచలయ్య లేడు,
తప్పులన్నీ నేనే చెప్పుకుంటున్నా.
పక్క మంచం రొయ్యల గుంటలాయన తొంగిచూసి,
"ఏందన్నా, ఓడకి దారం కట్టుండారే?"

"ఉండబ్బా, మలుపొస్తాంది."

ఇద్దరం ఎడమకి ఒరిగాం.
సెలైను స్టాండు కూడా.