పెరుగు తోడేశావా

బరంపురం పాత బస్టాండు ఎదుట టిఫిను హోటల్లో
మూడో బల్ల దగ్గర హైమ,
ఐదో బల్ల దగ్గర నేను.
ముక్కూమొహం తెలీనట్టు.

సర్వరు కుర్రాడికి మాత్రం తెలుసు
పదేళ్లుగా ఒకే ప్లేటు ఉప్మా పంచుకునే వాళ్లమని.
వాడు నోరు తెరవబోతే కళ్లతోనే కసిరాను.

పర్లాకిమిడి నుంచి బస్సులో వస్తాడట.
ఫోన్లో నాలుగు నెలల పరిచయం.
కొమ్ముతో దువ్వెనలు చేసే దుకాణం నాది, అన్నాడు.
నిజమో కాదో, మా పిన్ని కొడుకుని పంపి
ఒక దువ్వెన కొనిపించాను.
దుకాణం ఉంది. దువ్వెనా బాగుంది.

అంతకుముందు ఒకడు
గోపాలపూర్ లాడ్జికి రమ్మన్నాడు, గదిలోంచి సముద్రం కనిపిస్తుందని.
బయట నుంచి కూడా కనిపిస్తుంది, అంది హైమ.
ఇంకొకడు ప్రేమ పుట్టిన పదకొండో రోజున
తల్లి ఆపరేషనుకి పన్నెండు వేలు అడిగాడు.
ఆ ఫొటోలో ఆవిడ ఎవరి తల్లో పాపం,
ఇంకా దీని ఫోన్లోనే ఉంది. చెరపబుద్ధి కాలేదట.

గుర్తు మాట పెట్టుకున్నాం:
"పెరుగు తోడేశావా" అని మెసేజ్ వస్తే
"ఒలమ్మో, ఇక్కడున్నావా, మీయమ్మ వెతుకుతోంది!" అంటూ
నేను చెయ్యి పట్టుకుని లాక్కుపోవాలి.
రాత్రి రెండుసార్లు రిహార్సల్ వేశాం. నవ్వాం. నవ్వడం ఆగాక
ముప్పై నాలుగేళ్ల మనిషి ఒక కాఫీ తాగడానికి
ఇంత సరంజామానా అని ఎవరం పైకి అనలేదు.

వచ్చాడు.
దువ్వెనలు అమ్మేవాడికి
ఫొటోలో కంటే జుట్టు తక్కువ.
ఏం మాట్లాడుకుంటున్నారో
పెనం మీద అట్టు చప్పుడులో వినపడదు.
నాకు మూడో కాఫీ.

అప్పుడు చూశాను,
ఏడో బల్ల దగ్గర చల్లారిన ఇడ్లీని
అరగంటగా తుంచుతున్న ఒకాయన్ని.
ఆయన చూపూ మూడో బల్ల మీదే.
నన్ను చూసి సాంబారులోకి తలదించాడు.
బావమరిదో, స్నేహితుడో!
వాళ్ల భయం పర్సుకో పరువుకో,
మా భయం ప్రాణానికి.
తూకం ఒకటి కాదు. అయినా
చట్నీ గిన్నె అటు జరిపాను.

లేచేటప్పుడు, ఇంటిదాకా ఆటోలో దింపుతానన్నాడు.
వద్దంది.
రెండోసారి అడగలేదు.
నేను వేసిన మార్కులన్నీ దానికే.

రాత్రి పదింటికి ఫోను వెలిగింది.
"పెరుగు తోడేశావా?"

ఒక చెప్పు నాది, ఒక చెప్పు మా ఆయనది,
వీధి మలుపు దాకా పరిగెత్తాక
రెండోది వచ్చింది:
"నిజంగానే అడుగుతున్నా. పాలు గోరువెచ్చగా ఉన్నాయి.
ఇంట్లో తోడు లేదు. నీ దగ్గర ఉందా?"

దీపం స్తంభం కింద నిలబడి
ఊపిరి అందాక టైపు చేశాను:
ఉంది. తెస్తున్నా.