ముప్పై ఏడు, నలభై ఒకటి

ఫర్వానియాలో రాత్రి రెండు. బయట దుమ్ముగాలి.
ట్యూబు మీద పేరు బోషెట్టి.
అరబ్బీలో 'ప' లేదు కనుక
మెట్‌పల్లి పోశెట్టి ఈ దేశంలో ఇలా అయ్యాడు.

అతని కడుపులోంచి తీసిన నీళ్లు
పలచటి గంజిలో చిటికెడు పసుపు వేసినట్టున్నాయి.
అందులో ఒక ఎంజైము ఎంతుందో నేను చెప్పాలి.
ముప్పై తొమ్మిది దాటితే క్షయ అనుకోవచ్చు,
దాటకపోతే కాదనుకోవచ్చు.
'అనుకోవచ్చు'.
మా చదువు మొత్తంలో నిజాయితీ ఉన్న మాట అదొక్కటే.

మధ్యాహ్నం మలయాళీ డాక్టరమ్మ
తెలుగు కోసం నన్ను వార్డుకి పిలిచింది.
పొట్ట మీద చెయ్యేసుకుని అతనన్నాడు:
"తక్కువనే రావాలె సారూ.
టీబీ అంటే కంపెనోడు ఇంటికి తోల్తడు.
పరంజ ఎక్కెటోన్ని, ఇంక పదకొండు నెల్ల అప్పున్నది."

తల ఊపాను.
తక్కువొస్తే డాక్టరమ్మ వెతకబోయే రోగం పేరు
నేను తెలుగులోకి మార్చలేదు.
ఎక్కువొస్తే ఆర్నెల్ల మాత్రలు, అంతే.
అతని మొక్కు ఒకటి, నాది ఇంకొకటి,
మధ్యలో మిషను.

మొదట ముప్పై ఏడంది.
మళ్లీ పెట్టాను, నలభై ఒకటి.
మూడోసారికి నీళ్లు చాల్లేదు.

వందలో తొంభై మందిని సరిగ్గా పడుతుందని
మాకు చెప్పిన మేష్టారు
ఆ పదిమంది ఊళ్లు చెప్పలేదు.

సగటు తీస్తే సరిగ్గా గీత మీదే పడుతుంది.
తియ్యలేదు.
రెండంకెలూ రాసి, కింద
'నమూనా మళ్లీ పంపండి' అని సంతకం పెట్టాను.

పొద్దున్నే అతనికి ఇంకో సూది.
ఎవరు గుచ్చమన్నారని అడిగితే
నా పేరు చెప్పమనాలి.