దాణా మిగిలిన గమేళా

ఇయ్యాల కూడా గమేళాలో దాణా మిగిలిపోనాది.
తడిపిన ఉలవలు, తౌడు, మీద రెండు ఈగలు.
గడ్డి మాత్రం పరక పరక ఏరుకుని తిన్నాది మా కలెక్టరమ్మ.
"పొగరు" అన్నాడు గవరయ్య, బీడీ నలుపుతా.
"ఆ పేరెట్టినప్పుడే సెప్పినాను."

పూల్‌బాగ్‌లో రేకుల పాక మాది.
జుట్కా ఎక్కేవోడు లేడు, ఆటోలొచ్చేక.
మాఘం వస్తే మాత్రం
రింగురోడ్డు కల్యాణమండపాల కాడ
మా తెల్లగుర్రం రానిదే పెళ్లికొడుకు కదలడు.

దిష్టన్నాది పక్కింటి సిన్నక్క, ఎండుమిరపకాయలు తిప్పినాది.
నులిపురుగులన్నాడు మందుల షాపోడు.
పళ్లన్నాడు ఇంకొకడు,
నోరు తెరిపించి, ఏలు కరిపించుకుని ఎల్లిపోనాడు.
నాను ఏటీ అనలేదు.
సెల్లు లైటేసుకుని పాకలో కూకుని సూసినాను.

పళ్లు నూరుతాది, నోట్లో ఏటీ లేకుండానే.
ఆవులిస్తాది, నిద్దరొచ్చి కాదు,
ఒకటి, రెండు, వరసగా ఏడు.
పై పెదివి ఎత్తి గాలికేదో సెప్పబోయి ఆగిపోతాది.
గోడ నాకి నాకి సున్నం ఒగ్గలేదు.
డొక్క వైపు తిరిగి సూసుకుంటాది
అక్కడెవరో పిలిసినట్టు.
జీను పట్టీ బిగించే ఏలకి
సెవులు ఎనక్కి పడిపోతాయి.
మొన్న గవరయ్య బుజం మీద పళ్ల అచ్చు.
పదేళ్లలో ఎవుర్నీ కరవని గుర్రం.

ఆ సూపు నానెరుగుదును.
నెల్లిమర్ల మిల్లులో
టీ నీళ్లు తాగి గోనె నేసిన పన్నెండేళ్లూ
నా రొమ్ము కింద కూకున్నాది ఇలాటిదే ఒక నిప్పుకణిక.
తిందామంటే బయం, తినకపోతే మంట.
ముగ్గురు పోయేక పుట్టినానని
సేరు తౌడుకి నన్ను అమ్మి, మళ్లీ కొనుక్కున్నాది మాయమ్మ.
తౌడమ్మకి తెలీదేటి
తౌడొద్దన్న నోటి సంగతి?

పశువుల ఆస్పత్రి డాక్టరమ్మ సిన్నపిల్ల.
"లోపలికి దించి చూసే మూడు మీటర్ల గొట్టం
మా దగ్గర లేదమ్మా" అన్నాది.
నాను ఒక్కొక్కటే సెప్తంటే రాసుకున్నాది.
ఆకర్న అడిగినాది,
"పెళ్లి రోజు ఎన్నింటికి మేత వేస్తారు?"

గవరయ్య నేల సూసినాడు.

పెళ్లి రోజు పొద్దుట్నించీ ఎయ్యం.
ఏస్తే, బ్యాండుమేళం మద్దెలో,
పట్టుచీరల ముందర పేడేస్తాది. డబ్బులు కోసెత్తారు.
అందుకని జనరేటరు పొగలో,
మెడకి అద్దాల ముకమల్ ఏసి,
రాత్రి పన్నెండు దాకా
కాళీ కడుపుతో నిలబెడతాం, మర్యాదకి.

"మనకి తినేటప్పుడే ఎక్కువ ఊరుతుంది పులుపు.
దీనికి తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది.
నానడానికి గడ్డి లేకపోతే
కడుపు గోడనే కాలుస్తుంది.
కడుపులో పుండే అనుకుని మొదలుపెడదాం."
ఆ పిల్ల మెల్లిగా అన్నాది. నన్ను తిట్టినా బాగుండును.

పొద్దున్నే నాలిక మీద మందు పేస్టు.
ఉలవలు సగానికి సగం.
ఎండిన వేరుసెనగ తీగ
పగలూ రాత్రీ దాని ముందర.
జీను ఏసే ముందు రెండు గుప్పిళ్లు మరి తప్పదు,
పెళ్లోళ్లు ఆరన్లు కొట్టినా సరే.

నెల దాటినాక ఓ పెళ్లి.
మండపం గుమ్మం కాడ, ఎర్ర తివాసీ మీద,
వీడియో లైటు సరిగ్గా పడినచోట
తోక పక్కకి జరిపినాది కలెక్టరమ్మ.
పచ్చగా, గుండ్రంగా, ఆవిర్లు కక్కుతా.
పెళ్లికొడుకు మేనమామ మూడొందలు కోసీసినాడు.
గవరయ్య సీపురు పట్టుకుని
ఊడవడం మర్సిపోయి నిలబడ్డాడు,
గంటస్తంభం కొత్తగా సూసినోడిలాగ.

ఆవులింతలు ఇంకా పోలేదు పూర్తిగా.
రాత్రి రెండు.
గోడ మీద బొగ్గుతో లెక్క రాస్తన్నాను,
అది నాకీసిన సున్నం పక్కన.