ఎడమ బొటనవేలు

జ్లతౌస్త్ ఉక్కు కార్ఖానా వెనక
బాయిలర్ల బూడిద పరిచి చేసిన పరుగుబాట.
వాన పడితే నల్లటి బురద,
ఎండ కాస్తే నల్లటి దుమ్ము.
మోకాలు చీరుకుపోయి, దాని మీంచే
నా కొట్టుకు వచ్చింది, యాభై ఒకటో ఏడు వసంతంలో.

"మిర్‌సయీద్ మామా, వీటికి మేకులు కొడతావా?"
చేతిలో వాళ్లన్న బడి బూట్లు,
మునివేళ్ల దగ్గర పాత పేపరు కుక్కి.

నేను మొహం చూడలేదు. కాళ్లు చూశాను.
అదో వృత్తి జబ్బు.
ఎడమ బొటనవేలు లోపలికి వంగి
పక్కవేలికేదో చాడీ చెబుతున్నట్టుంది.

పేరు తైసియా వెర్షినినా.
క్రేన్ నడిపే మనిషి కూతురు.
మధ్యాహ్నం తల్లికి సూప్ డబ్బా పట్టుకుని
ట్రామ్‌తో సమానంగా పరిగెత్తేది,
చుక్క ఒలక్కుండా.
కోచ్ గ్లెబ్ అర్కాద్యెవిచ్, యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకున్నవాడు,
స్టాప్‌వాచీకే ఆ మిగిలిన చెయ్యి ఇచ్చేసి
జెండాకు బదులు కేకేసేవాడు.
"దీని భుజాలు కదలవేం?" అని ఒకటే ఆశ్చర్యం ఆయనకి.
సూప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

తొలి జత దూడతోలుతో కుట్టాను.
మేకులు మా కార్ఖానా ఉక్కే.
రాత్రి షిఫ్టులో ఎవరో గుట్టుగా చెక్కి ఇచ్చారు,
ఎవరో ఇప్పుడూ చెప్పను.
స్వెర్ద్లోవ్స్క్‌లో ఆ ఉక్కు గెలిచింది.
మాస్కోలో గెలిచింది.
ఆ తర్వాత నాకు నోరు తిరగని ఊళ్లు.

ఒక్క పందెమూ చూడలేదు నేను.
రేడియోలో పదకొండున్నర సెకన్లు. అంతే.
ఆ పదకొండున్నర కోసం నెల పట్టేది నా సూదికి.
కానీ బూట్లు మరమ్మతుకు తిరిగొచ్చేవి,
అడుగు తిరగేస్తే ఉత్తరం విప్పినట్టే.
ఎర్రమట్టి ఇరుక్కుంటే ఎక్కడో వేడి దేశం.
మేకు వంగితే గెలుపు.
ఓడిన రోజున శుభ్రంగా తుడిచి పంపేది.

కాలికి బుద్ధి చెప్పినవాళ్లకీ కుట్టాను, యుద్ధం రోజుల్లో.
కాలి దగ్గర బుద్ధి నేర్చుకున్నది
ఈ పిల్ల ఒక్కతే.

యాభై తొమ్మిదిలో జట్టుకు
పడమటి దేశపు బూట్లు ఇచ్చారు,
అరచేతిలో పిచ్చుకంత బరువు.
వాటితోనే తన జీవితంలోకెల్లా పెద్ద పందెం గెలిచింది.
ఊరికి రాగానే నేరుగా నా దగ్గరికి వచ్చి
పతకం బల్ల మీద పెట్టి అంది:
"నీ బూట్లతో అయితే రెండో స్థానం, మామా."
నాకు కోపం రాలేదు.
వచ్చింది. ఒక వారం.

తర్వాత మడమ నరం.
తర్వాత రిలేలో చేతులు మారుతూ జారిన కర్ర,
తప్పెవరిదో పేపర్లు రాయలేదు.
తర్వాత రేడియోలో వేరే పేర్లు.

ఇప్పుడు ఏడో నంబరు బడిలో వ్యాయామం నేర్పుతుంది.
మొన్న మంచులో, ఉన్ని బూట్లకు
తోలు అడుగు వేయించుకోవడానికి వచ్చింది.
పాత అడుగు చూశాను.
అరుగుదల మునివేళ్లు వదిలి
మడమ వైపుకు నడిచొచ్చింది.
మేజోళ్లతో పొయ్యి పక్కన కూర్చుంది.
మోకాలి చర్మం కింద
ఆనాటి బూడిద, ఇంకా నల్లగానే,
నాలుగు గింజలు.

బయట ట్రామ్ గంట మోగింది.
మేజోడు లోపల
ఎడమ బొటనవేలు
ఒక్కసారి కదిలింది.

యాభై కోపెక్కులన్నాను.
బేరమాడి నలభై ఇచ్చింది.